రోలరుకి మాత్రమే

ముంతవలస వాళ్లు గెడ్డ మీద వంతెన అడిగారు. ప్రభుత్వం వాళ్లకి ఆకాశం మంజూరు చేసింది.

ఇందులో తప్పు ఎవరిదీ కాదు. అడిగినవాళ్లు అడగాల్సిన చోటే అడిగారు, ఇచ్చినవాళ్లు తమ దగ్గర ఉన్నదే ఇచ్చారు. వంతెనకి నిధులు, అంచనాలు, భూసార పరీక్ష కావాలి. ఆకాశానికి అవేమీ అక్కర్లేదు.

ముంతగెడ్డ కొండల్లోంచి దిగి, ఊరికీ తారు రోడ్డుకీ మధ్యగా పారుతుంది. ఎండాకాలంలో దాన్ని కోడిపిల్ల కూడా కాళ్లు తడవకుండా దాటేస్తుంది. వానలు పడ్డాక మాత్రం ఏనుగైనా గట్టు మీద నిలబడి కాస్త ఆలోచించుకోవాలి. గెడ్డకి అవతల తారు రోడ్డుంది, రోడ్డు మీద తవిటయ్య ఆటో ఉంది, ఆటో ఎక్కితే ఆసుపత్రి ఉంది, ఆసుపత్రిలో మందు పొగ పట్టే మిషను ఉంది. గెడ్డకి ఇవతల దాలినాయుడి భార్య పోలమ్మ ఉంది.

పోలమ్మకి ఆయాసం. మబ్బు కమ్మితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఆ మిషను గొట్టం మూతికి తగిలించి పొగ పట్టిస్తే ఇట్టే లేచి కూర్చుని "ఇంటికాడ గేదెకి గడ్డేసినారా?" అని అడుగుతుంది. పట్టించకపోతే ఏమవుతుందో పోయిన వానల్లో తెలిసింది. పెదాలు నల్లబడ్డ మనిషిని డోలీలో వేసుకుని, దాలినాయుడూ ఇరుగుపొరుగు వాళ్లూ కంఠం లోతు నీళ్లలో దిగారు. నడిగెడ్డలో ఒకడి కాలు జారింది. డోలీ మునిగింది. తేలింది. పోలమ్మ బతికింది గానీ, ఇంటికొచ్చాక ఒకటే మాట చెప్పింది.

"ఇంకోపాలి నన్ను గెడ్డలో దింపకు మావా. గాలందక సచ్చినా పరవానేదు. నీల్లు మింగి సావను."

ఆవిడ మాట ఆవిడ మొగుడికి తెలుసు. అన్నదంటే అన్నట్టే. అందుకని మళ్లీ వానలు వచ్చేలోపు వంతెన పడాలని దాలినాయుడు ప్రతి సోమవారం జిల్లా ఆఫీసులో అర్జీ పట్టుకుని నిలబడేవాడు. అక్కడే ప్రత్యేకాధికారి చక్రధరరావు గారి కంట్లో పడ్డాడు.

చక్రధరరావు గారు అప్పుడే కొత్తగా 'గగన ధన్వంతరి' పథకానికి అధికారిగా వేంచేశారు. మారుమూల గ్రామాల్లో జబ్బు పడ్డవాళ్లని హెలికాప్టరులో ఆసుపత్రికి చేర్చడం పథకం ఉద్దేశం. హెలికాప్టరు ఉంది. పేరు ఉంది. పథకానికి పాట కూడా రాయించారు. ఊరు ఒక్కటే తక్కువైంది.

"కల్వర్టా?" అన్నారాయన అర్జీ చదివి, జాలిగా. "నాయుడుగారూ, మీరింకా నేల మీదే ఆలోచిస్తున్నారు."

"నేల మీదే ఉంతన్నాం బావూ," అన్నాడు దాలినాయుడు.

"అదే మార్చబోతున్నాం."

మార్చడానికి ఆయన స్వయంగా ముంతవలస వచ్చి, కళ్లంలో జనాన్ని కూర్చోబెట్టి మైకు పట్టుకున్నారు. "ఇకమీదట ఈ ఊళ్లో ఎవరికి కాస్త నలతగా ఉన్నా సరే, ఒక్క ఫోను కొట్టండి. మేం వచ్చి క్షణాల్లో పైకి తీసుకుపోతాం! ముసలివాళ్లకి మొదటి ప్రాధాన్యం!"

చప్పట్లు కొట్టమని ముందే చెప్పి ఉంచినా ఎవరూ కొట్టలేదు. ముందు వరసలో దగ్గుతున్న ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. జ్వరం పడి అరుగు మీద ముసుగుతన్ని ఉన్న ఒకతను గబుక్కున లేచి నాగలి భుజాన వేసుకుని పొలానికి పోయాడు. పక్షవాతంతో మంచాన ఉన్న ఆయన ఎవరూ పట్టుకోకుండానే లేచి కూర్చున్నాడు. సాయంత్రానికి ముంతవలసలో రోగి అన్నవాడు లేడు. ప్రకటనతోనే వ్యాధులు గణనీయంగా తగ్గుముఖం పట్టాయని చక్రధరరావు గారు పైవాళ్లకి తెలియజేసుకున్నారు.

"నన్ను పైకి పంపించేత్తావేటి మావా?" అని పోలమ్మ ఇంట్లో నిలదీసింది.

"పైకి కాదే. పైనుంచి పట్నానికి."

"పైకెల్లినోలెవులైనా తిరిగొచ్చినారేటి?"

వంతెన రానప్పుడు వచ్చినదాన్నే పట్టుకోవాలి కదా అని, దాలినాయుడు మర్నాడే పోయి చక్రధరరావు గార్ని అడిగాడు. "మా యావిడికి ఆయాసం వత్తే ఫోను కొట్టీడమే కదండి?"

"ముందుగా ఆసుపత్రి వైద్యుడు రోగిని స్వయంగా పరీక్షించి, ఈ రోగిని హెలికాప్టరులో ఆసుపత్రికి తరలించాలని సిఫార్సు చేయాలి."

"ఆ డాట్రు ఇక్కడికొత్తాడేటండి?"

"వైద్యుడు ఆసుపత్రి వదలరాదు. రోగే వెళ్లాలి."

దాలినాయుడు తలపాగా తీసి తల గోక్కున్నాడు. "ఐతే మా యావిడిని ఆసుపత్రికి తీసికెల్లి, ఆసుపత్రికి తీసికెల్లాలని సెప్పించుకుని, మల్లీ ఇంటికి తీసుకొచ్చి, ఇంటికాణ్ణించి ఆసుపత్రికి తీసికెల్లాలంతారు."

చక్రధరరావు గారి ముఖం వెలిగింది. "విధానం మీకు చక్కగా అర్థమైంది. మీ ఊళ్లో మిగతావాళ్లకి కూడా మీరే అవగాహన కల్పించాలి."

ఇక మిగిలింది మారుమూల ధ్రువీకరణ. ముంతవలస మారుమూల అని ఒక అధికారి స్వయంగా వెళ్లి, చూసి, ధ్రువీకరిస్తేనే పథకం వర్తిస్తుంది. ఏ వాహనమూ చేరుకోలేని గ్రామమే మారుమూల గ్రామం. చక్రధరరావు గారు నడివేసవిలో బయలుదేరారు. ఎండిన గెడ్డలో ఇసక రేపుకుంటూ జీపు సరాసరి వచ్చి దాలినాయుడి గుమ్మం ముందు ఆగింది. పోలమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కింద పెట్టి, ఆవిడకి దండం పెట్టి, దిగులుగా జీపు వైపు చూశారు.

"వచ్చేసిందండీ," అన్నారు.

"వచ్చీసింది బావూ," అన్నాడు దాలినాయుడు, తానే ఏదో నేరం చేసినట్టు.

"రాకూడదు. చేరుకోగలిగాం కాబట్టి మీది మారుమూల కాదు."

"వానల్లో రండి బావూ. మీరు కాదు కదా, మీ జీపు కూడా సచ్చినా రానేదు."

దేవుడు దాలినాయుడి మొర విన్నాడో ఏమో, ఆ వేసవిలోనే కొండల మీద ఓ గాలివాన విరుచుకుపడి గెడ్డ ఎర్రగా పొంగింది. కబురు తెలియగానే చక్రధరరావు గారు ముంతవలస చేరుకోలేకపోవడానికి హుటాహుటిన బయలుదేరారు. అవతలి గట్టు మీద గొడుగు కింద నిలబడి, చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టి కేకేశారు.

"అద్భుతంగా ఉందండీ! రాలేకపోతున్నాను!"

"సెప్పినాను కదేటి!" అని ఇవతల్నించి దాలినాయుడు.

"కానీ చెట్లు అడ్డం! ఊరు కనబడటం లేదు! చూడని ఊరిని నేను ధ్రువీకరించలేను!"

"దాటొత్తే కనబడతాది బావూ!"

"దాటి వస్తే మారుమూల కాదు!"

ఇద్దరూ కాసేపు చెరో గట్టు మీదా నిలబడ్డారు. మధ్యలో గెడ్డ తన పని తాను చేసుకుపోతోంది. అవతల ఆటోలో కాళ్లు చాపుకుని బీడీ కాలుస్తున్న తవిటయ్యకి విసుగొచ్చింది. "ఒరే దాలిగా, డోలీ పట్రా. బావుని నడిమిదాకా మోసీండి. అక్కణ్ణించి సూత్తాడు. వొచ్చినట్టూ కాదు, రానట్టూ కాదు."

నవ్వులాటకి అన్నమాట. చక్రధరరావు గారు నవ్వలేదు. చేరుకోవడం అంటే రెండు పాదాలూ అవతలి గట్టు మీద మోపడమేనని మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉందని ఆయనకి గుర్తొచ్చింది. డోలీ వచ్చింది. దాలినాయుడు ముందు కొమ్ము పట్టాడు. గుండెల దాకా నీళ్లు. ప్రభుత్వాన్ని అలా భుజాన మోయడం అతనికి అదే మొదలు.

"ఇంకొంచెం ముందుకి... ఇంకొంచెం... చాలు చాలు చాలు! ఇంకో అడుగు వేస్తే పథకం పోతుంది!"

"ఏటి బావూ, కనబడినాదా?"

చక్రధరరావు గారు డోలీలో మెడ సాచి చూశారు. "ఒక పెంకుటిల్లు కనబడుతోంది. ఒక గేదె కనబడుతోంది. ఊరే అయి ఉంటుందని విశ్వసిస్తున్నాను."

అక్కడికక్కడే, గొడుగు కింద, నడిగెడ్డలో ముంతవలస మారుమూల అయింది.

ఇక హెలికాప్టరు దిగడానికి చదునైన కాంక్రీటు గచ్చు, అంటే హెలిప్యాడ్ కావాలి. ఊళ్లో చదునుగా ఉన్నది కళ్లం ఒక్కటే కాబట్టి కళ్లాన్ని తీసుకున్నారు. దాన్ని గట్టిపరచడానికి రోడ్డు రోలరు తెచ్చారు. జీపు దాటినంత తేలిక్కాదు రోలరు దాటడం. గెడ్డ ఇసకలో చక్రాల దాకా దిగబడిపోయి, ఎండలో నల్లగా ఏనుగు పిల్లలా కూర్చుండిపోయింది. దాన్ని లాగడానికి వచ్చిన ట్రాక్టరు కూడా దాని పక్కనే కూర్చుంది.

ఇంజనీర్లు వచ్చి చూశారు. రోలరు దాటాలంటే వంతెన ఒక్కటే మార్గమన్నారు. వంతెనా! ఆ మాట వినగానే చక్రధరరావు గారు చెవులు మూసుకున్నారు. వంతెన ఉంటే మారుమూల కాదు. కాబట్టి అది వంతెన కాదని, 'రోలరు తరలింపు వేదిక' అని నిర్ణయమైంది. ఏళ్ల తరబడి పరిశీలనలో ఉన్న వంతెన, వంతెన కాకపోయేసరికి వారాల్లో లేచి నిలబడింది. ఇనప దూలాలు, మీద కాంక్రీటు, రెండు పక్కలా పిట్టగోడ. రోలరు దాని మీద నడిచిపోతుంటే దాలినాయుడికి కళ్లు చెమర్చాయి. రోలరు వెనకే తానూ ఒక కాలు వేశాడు.

"ఏయ్! దిగు!"

కాపలాదారు ముత్యాలు ఈల ఊదాడు. వేదిక మొదట్లో అడ్డంగా వెదురుబొంగు, పక్కన పాక, పాక మీద బోర్డు: *రోలరుకి మాత్రమే. మనుషులు నడవరాదు.*

"మనిసెక్కితే రాకపోకలున్నట్టు లెక్క. రాకపోకలుంటే మారుమూల పోద్ది. మారుమూల పోతే నా ఉద్దోగం పోద్ది," అన్నాడు ముత్యాలు. "మీ మంచికే సెప్తన్నాను. కిందినుంచి ఎల్లండి."

కిందినుంచే వెళ్లారు. వేసవి చివరి ఎండల్లో ముంతవలస ఆడవాళ్లు గడ్డిమోపులు నెత్తిన పెట్టుకుని వేదిక కింద గెడ్డలో దిగి నడుస్తూ, నీడ మాత్రం బాగుందని ఒప్పుకున్నారు.

ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. హెలికాప్టరులో దిగి, ఒక రోగిని ఎక్కించుకుని, ఆకాశంలోంచి చెయ్యి ఊపాలి. రోగిగా పోలమ్మని ఎంపిక చేశారు. దాలినాయుడు మురిసిపోయాడు గానీ చక్రధరరావు గారు గట్టిగా హెచ్చరించారు.

"ఆ రోజు ఆవిడ సంపూర్ణ ఆరోగ్యంతో ఉండాలి. అస్వస్థులని హెలికాప్టరు ఎక్కించే సాహసం ప్రభుత్వం చేయదు. ముందురోజే ఆసుపత్రికి తీసుకెళ్లి, జబ్బు లేదని చూపించి తీసుకురండి."

"మా యావిడి గెడ్డలో దిగదండి," అన్నాడు దాలినాయుడు.

చక్రధరరావు గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తవిటయ్య ఆటోని వేదిక మీదుగా ఊళ్లోకి రప్పించి, పోలమ్మని ఆసుపత్రికి పంపించారు. పోయేటప్పుడు అయ్యగారి మొహం చూసి ఊరుకున్న ముత్యాలు, షామియానా సామానుతో తిరిగొస్తున్న ఆటోకి అడ్డం తిరిగాడు. "మనుసులెల్లకూడదని మీరే సెప్పినారు కదండి!"

"మనుషులెక్కడయ్యా? షామియానా, కుర్చీలు, మైకు, రోగి. అన్నీ ప్రారంభోత్సవ సామాను. హెలిప్యాడ్ పనికి సంబంధించిన సామానుకి వేదిక మీద అనుమతి ఉంది."

"మరి డైవరో?"

"సామానుతో పాటు తోలేవాడు ఉంటాడు. రోలరుకి లేడూ?"

ముత్యాలు సామానులోకి తొంగి చూశాడు. సామాను కొత్త చీర కట్టుకుని, తమలపాకు నములుతూ అతన్నే చూస్తోంది. బొంగు పైకెత్తాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొండల మీద తొలకరి వానలు పడి గెడ్డ నిండుగా పారుతోంది గానీ, ఊళ్లో ఇంకా చినుకు లేదు. నేలంతా పొడి. హెలిప్యాడ్ మీద పెద్ద గుండ్రమూ, దాని మధ్య ఇంగ్లీషు అక్షరమూ తెల్లగా వేయాలి. రంగు సకాలంలో రాకపోవడంతో ఆడవాళ్లని పిలిచి ముగ్గుపిండితో వేయమన్నారు. వాళ్లు అక్షరం వేశారు. ఖాళీగా ఉంటే బాగోదని చుట్టూ తామరపువ్వులూ, నాలుగు మూలలా రథాలూ వేశారు. కళ్లం పక్కన పోయిన పంట ఊక కుప్పలుగా ఉంది. ఆ ముగ్గుల్ని చూసి, కనుల పండువుగా ఉందన్నారు చక్రధరరావు గారు.

పోలమ్మని స్ట్రెచరు మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పారు.

"పైకి తీసుకెల్లరు కదా మావా?"

"నేదే. కొద్దిగా ఎగరేసి, అవతలి రోడ్డు మీద దింపేత్తారంత. తవిటిగాడి ఆటోలో ఇంటికొచ్చీ."

"ఐతే సరే. గేదెకి కుడితెట్టినావా?"

అంతలో ఆకాశంలో చప్పుడు. పిల్లలు కేరింతలు కొట్టారు. గొర్రెలు కొండెక్కాయి. ఎలికాప్టరు, ఎలికాప్టరు అని జనం ఎగబడ్డారు. అది కిందకి దిగుతున్నకొద్దీ మొదట తామరపువ్వులు లేచాయి. తరవాత రథాలు లేచాయి. తరవాత ఇంగ్లీషు అక్షరం లేచింది. చివరికి ఊక కుప్పలు లేచాయి. కాసేపటికి చూస్తే కళ్లంలో ఎవరు మంత్రో ఎవరు ముంతవలసో తెలియలేదు. అందరూ తెల్లగా, బూడిద పూసుకున్న సాధువుల్లా దగ్గుతున్నారు.

ఆ దగ్గులన్నిటి మధ్యా ఒక పిల్లికూత దాలినాయుడి చెవిన పడింది. ఆ కూత అతను నిద్రలో కూడా గుర్తుపడతాడు.

పరిగెత్తాడు. పోలమ్మ స్ట్రెచరు మీద లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్లకి ఆనించి, నోరు తెరుచుకుని గాలి కోసం పీకులాడుతోంది. ముగ్గుపిండి కింద పెదాలు నల్లబడుతున్నాయి.

"బావూ!" అని చక్రధరరావు గారి చెయ్యి పట్టుకున్నాడు. "ఆయాసం వొచ్చీసిందండి! ఎక్కించీయండి! ఎలికాప్టరిక్కడే ఉంది, రోగిక్కడే ఉంది!"

చక్రధరరావు గారు కళ్లద్దాలు తుడుచుకుని పోలమ్మని చూశారు. ఆయన ముఖం వాడిపోయింది. "ఈవిడకి జబ్బు చేసినట్టుందే!"

"అదే కదండి సెప్తన్నాను!"

"ఆరోగ్యంగా ఉన్న రోగిగా ఈవిడకి అనుమతి తీసుకున్నాం. ఇప్పుడు ఆరోగ్యం లేదు. అనుమతి చెల్లదు."

"ఐతే నిజం రోగి కిందే ఎక్కించండి బావూ, కాలట్టుకుంతాను!"

"నిజమైన రోగికి వైద్యుడి సిఫార్సు ఉండాలి కదా నాయుడుగారూ. విధానం మీకు తెలిసిందే. ఆసుపత్రికి తీసుకెళ్లి..."

దాలినాయుడు మిగతాది వినకుండా పెళ్లాన్ని స్ట్రెచరు మీంచి రెండు చేతులా ఎత్తుకున్నాడు. మంత్రిగారి మనుషులు "రోగి ఏడీ, రోగి ఏడీ" అని కేకలేస్తున్నారు. మంత్రిగారు వాచీ చూసుకుంటున్నారు. రోగి లేకుండా పథకం పైకి లేవకూడదు. చక్రధరరావు గారు అటు చూశారు, ఇటు చూశారు. ఖాళీ అయిన స్ట్రెచరు మీద తానే పడుకుని, దుప్పటి తల దాకా లాక్కున్నారు. నలుగురు ఎత్తుకెళ్లి ఆయన్ని హెలికాప్టరులో పెట్టారు. జనం చప్పట్లు కొట్టారు.

ఇక్కడ దాలినాయుడు పెళ్లాంతో పరిగెత్తి, కళ్లం పక్కనే ఆగి ఉన్న తవిటయ్య ఆటోలో కూలబడ్డాడు. "తోలరా!"

ఆటో వేదిక దగ్గరికి వచ్చేసరికి బొంగు అడ్డంగా ఉంది. కింద గెడ్డ ఎర్రగా సుడులు తిరుగుతోంది.

"మనుసులు..." అని మొదలెట్టాడు ముత్యాలు.

"మనిసెవులు?" అన్నాడు దాలినాయుడు. "మీ అయ్యగారు నీ ముందరే సెప్పినారు కదేటి. సామాను."

"సామాను ఊల్లో కదా ఉండాల? ఎనక్కెల్తందేటి?"

"పాడయిపోనాది. బాగుకి పట్టుకెల్తన్నాం."

ముత్యాలు సామాను వైపు చూశాడు. సామాను మొగుడి చొక్కా పిడికిట బిగించి, కళ్లు తేలేస్తోంది. ముత్యాలు బొంగు ఎత్తాడనడం కంటే పీకి అవతల పారేశాడనడం నిజం.

ఆటో వంతెన దాటింది. వేదిక అనాలి.

ఆసుపత్రిలో గొట్టం మూతికి తగిలించి పొగ పెట్టారు. దాలినాయుడు పక్కన నేల మీద కూలబడి, పిల్లికూతలు ఒక్కొక్కటే తగ్గుతుంటే ఊపిరి బిగబట్టి విన్నాడు. పోలమ్మ పెదాలకి రంగు తిరిగొచ్చే వేళకి ఆసుపత్రి కప్పు మీదుగా పెద్ద చప్పుడు చేసుకుంటూ హెలికాప్టరు పోయింది. ఆవిడ గొట్టం పక్కకి తీసి అడిగింది.

"ఎవుల్ని తీసికెల్తన్నారు మావా?"

"చక్రధరరావు బావుని."

"పైకేనా?"

"పైకే."

"అయ్యో," అంది పోలమ్మ. "మజ్జిగిత్తే గలాసు కింద పెట్టి మరీ దండం పెట్టినాడు. మంచోడే పాపం."

ఆయనకేమీ కాలేదు. కొన్నాళ్లకే తిరిగొచ్చారు. గగన ధన్వంతరి తొలి లబ్ధిదారు పూర్తి ఆరోగ్యంతో ఉన్నారని, తానే స్వయంగా చూశానని పైవాళ్లకి తెలియజేశారు. ఈసారి వచ్చింది మాత్రం వేదిక తీసేయించడానికి. హెలిప్యాడ్ అయిపోయింది, ఇక రోలరుతో పనిలేదు. ఉంచితే ముంతవలస మారుమూలత్వానికి శాశ్వత నష్టం.

ఊరంతా మూగింది. దాలినాయుడు తలపాగా తీసి చేతిలో పట్టుకుని, ఎంతో వినయంగా ముందుకొచ్చాడు.

"ఒక మాట బావూ. హెలిపేడు బీటలేస్తే?"

"రోలరు వచ్చి బాగుచేస్తుంది."

"రోలరెలాగొత్తాది?"

"వేదిక మీదుగా."

"మరైతే హెలిపేడు పని పూర్తిగా అయిపోయీదాకా వేదికుండాల కదండి?"

"నిస్సందేహంగా. పని పూర్తయ్యేదాకా వేదికని కదపడానికి వీల్లేదు. కానీ పని పూర్తయింది కదా?"

"మీరోపాలి సూసుకోండి బావూ," అన్నాడు దాలినాయుడు.

చక్రధరరావు గారు కళ్లానికి వెళ్లి చూశారు. ఆడవాళ్లు అప్పుడే రోకళ్లు పక్కన పెట్టి చెమట తుడుచుకుంటున్నారు. కాంక్రీటు మీద మిరపకాయలు దంచారట, పసుపు కొమ్ములు దంచారట, ఏమీ లేనివాళ్లు ఊరికే దంచారట. ఒక మూలంతా పెళ్లలుగా లేచిపోయింది. ఆయన చాలాసేపు ఆ పెళ్లల్ని చూసి, పని ప్రగతిలో ఉన్నదని చెప్పి వెళ్లిపోయారు.

అప్పట్నించీ పని ప్రగతిలోనే ఉంది. ఏడాదికోసారి రోలరు వచ్చి చదును చేస్తుంది. అది గెడ్డ దాటి పోయాక రోకళ్లు బయటికొస్తాయి. హెలిప్యాడ్ బాగుపడకుండా ఊరు ఊరంతా కంటికి రెప్పలా చూసుకుంటోంది. ఇక మనుషులు నడవరాదన్న సంగతంటారా, ముంతవలస వాళ్లు ఎవరూ దాని మీద మనుషుల్లాగా నడవరు. సంతకి పోయేవాళ్లూ, చదువుకి పోయేవాళ్లూ, ఆసుపత్రికి పోయేవాళ్లూ అందరూ చేతిలో తలా ఒక ఇటుక పట్టుకుంటారు. హెలిప్యాడ్ పని సామాను. సామానుకి అనుమతి ఉంది. పొద్దున్న అవతలికి వెళ్లిన ఇటుక సాయంత్రం ఇవతలికి వస్తుంది. పెళ్లికి తరలి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు కొబ్బరిబొండంతో పాటు ఇటుక కూడా పట్టుకుంటాడు. ఏ గోడలోనూ పడకుండా చేతుల్లోనే తిరిగి తిరిగి, ఆ ఇటుకల మూలలన్నీ నున్నగా అరిగిపోయాయి.

మళ్లీ వానలొచ్చాయి. ఒక పొద్దున ముసురు పట్టి, పోలమ్మకి ఉన్నట్టుండి ఆయాసం ముంచుకొచ్చింది. ఫోను చేయగానే తవిటయ్య ఇటుక ఒడిలో పెట్టుకుని ఆటో తోలుకొచ్చేశాడు. ఆ హడావిడిలో ఆ ఇటుక ఎక్కడో జారిపోయింది. దాలినాయుడు పోలమ్మని ఎత్తుకుని ఆటోలో కూర్చోబెట్టాడు. వేదిక దగ్గర బొంగు ముందు ఆటో ఆగాక, ముత్యాలు అలవాటుగా చెయ్యి చాపాడు.

"సామానేదీ?"

దాలినాయుడు తన చేతులు చూసుకున్నాడు. ఖాళీ. తవిటయ్య సీటు కింద తడిమాడు. ఖాళీ. వెనక్కి వెళ్లి తెచ్చేంత ఊపిరి పోలమ్మలో లేదు.

"మర్సిపోనాను ముత్యాలూ," అన్నాడు దాలినాయుడు.

ముత్యాలు పోలమ్మ ముఖంలోకి చూశాడు. రోడ్డు మీద అటూ ఇటూ చూశాడు. గిరుక్కున తన పాకలోకి దూరాడు. లోపల అంబలి కుండ దొర్లిన చప్పుడైంది. పొయ్యిలోంచి పీకిన ఇటుకని గుడ్డలో చుట్టుకుని పరిగెత్తుకొచ్చి, పోలమ్మ ఒళ్లో పెట్టాడు.

"సామానెల్లనీయండెహె!" అని బొంగెత్తాడు. "తిరిగొచ్చీటప్పుడు నా పొయ్యి నాకు తెచ్చియ్యండి."

ఇటుక ఇంకా వెచ్చగానే ఉంది. పోలమ్మ దాన్ని ఛాతీకి హత్తుకుంది. కింద గెడ్డ హోరెత్తుతుంటే, ఆటో రోలరు బాట మీదుగా సామానుని అవతలికి చేర్చింది.